గోలెట్ కర్రతో గొంతు కొలిచిన సంగతి

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. నా నోట పడితే పిల్లకాలువ సముద్రమవుతుంది. పిల్లి పులి కాకపోయినా దూడంత అయినా అవుతుంది. మా ఆవిడ పెళ్లైన మొదటి ఏడే నా మాటలకు ఒక లెక్క కట్టుకుంది. నేను ఇరవై అంటే అయిదు. వందమంది వచ్చారంటే వాకిట్లో ఎనిమిదిమంది ఉన్నట్టు. ప్రాణం పోయినంత పనైందంటే వేలికి ముల్లు గుచ్చుకున్నట్టు. మీరూ ఆ లెక్కే వాడుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కాని సాగదీయడం వేరు, లేనిది కల్పించడం వేరు. రొట్టె పిండిని ఎంత సాగదీసినా అది పిండే గదా. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో సాగదీసినవి బోలెడున్నాయి. నిఖార్సుగా కల్పించింది మాత్రం ఒక్కటే. అదేదో ఆఖర్న చెప్పేస్తాను, ఈలోగా వెతుక్కోకండి.

మాది నువెల్ ఫ్రాన్స్, మా తాతలు ఓడెక్కి వచ్చి దిగిన చెరుకు దీవిలో ఒక ఊరు. ఏడాదిలో మూడువందల అరవై నాలుగు రోజులు వాన పడుతుంది, మిగిలిన ఒక్కరోజు మబ్బు పడుతుంది. ఉతికిన పంచె ఆరాలంటే రెండు పండగలు దాటాలి. ఆ వానలో చెరుకు తోటల్లో కొలతలు కొలవడం నా ఉద్యోగం. కూలీలకు రోజుకు ఇంత మేర కలుపు, ఇంత మేర నరుకుడు అని కొలిచి అప్పజెప్పాలి. కొలిచే కర్రను ఇక్కడ గోలెట్ అంటారు, పది ఫ్రెంచి అడుగుల పొడవు. దాన్ని మోసి మోసి నా కుడి భుజం మీద గాడి పడింది. వాన కురిస్తే ఆ గాడిలో నీళ్లు నిలిచేవి, పిచికలు వచ్చి తాగి పోయేవి. నా నోరు ఎంత సాగినా కర్ర సాగదు గనక తోట దొరకు నా మీద నమ్మకం. అటు దొర కోసం ఒక అంగుళం పెంచలేదు, ఇటు మనవాళ్ల కోసం ఒక అంగుళం తగ్గించలేదు. అలా అని కూలీల మీద పెత్తనం చేసే సర్దారు నన్ను మెచ్చుకున్నాడని కాదు, కూలీలు మెచ్చుకున్నారనీ కాదు. ఇద్దరూ సమానంగా తిట్టేవాళ్లు, దాన్నిబట్టే కొలత సరిగ్గా ఉందని నాకు తెలిసేది.

మా మామ, అంటే మా ఆవిడ తండ్రి, మా ఊరి రామభజన గురువు. మా భజన ఎలా ఉంటుందో కొత్తవాళ్లకు చెప్పాలి. మధ్యలో నిలువెత్తు దీపస్తంభం నిలబెడతాం. గురువు తాళాలు పట్టుకుని ఒక చరణం అందిస్తాడు. మిగతా మగవాళ్లంతా దీపం చుట్టూ తిరుగుతూ ఆ చరణాన్ని అందుకుంటారు. ఆడవాళ్లు పక్కన చాపల మీద కూర్చుని వింటారు, పిల్లల్ని గిల్లి లేపుతూ ఉంటారు. శ్రీరామనవమి నాడు హారతికి ముందు గురువుకు ఇంకో పని ఉంటుంది. ఆ ఏడాది ఎవరింట్లో ఏం మొక్కుకున్నారో, ఎవరి జ్వరం తగ్గాలో, ఎవరి ఆవు ఈనాలో, ఇంటింటి మొక్కూ దీపం ముందు పైకి చెప్పాలి. ఎవరి మొక్కైనా తప్పు చెప్పినా, మరిచిపోయినా ఆ ఇంటివాళ్లు ఏడాదంతా గురువు గుమ్మం తొక్కరు. తొక్కకపోతే పోనీ, వాళ్ల ఇంట్లో ఏం చెడు జరిగినా గురువు ఖాతాలోనే పడేది.

ఇరవై రెండిళ్ల మొక్కులు మా మామ కాగితం చూడకుండా చెప్పేవాడు. ఇక ఆ గొంతు సంగతా! ఆయన పైస్థాయి అందుకుంటే పక్క తోటలో బండెద్దులు నడక మానేసి చెవులు రిక్కించేవి. ఒకసారి రైలు గార్డు దాన్ని ఇంజను కూత అనుకుని పచ్చజెండా ఊపేశాడు. రైలు మాకు రెండు కోసుల దూరంలో పోతుంది, గమనించండి.

పెద్ద యుద్ధం ముగిసి, చక్కెర ధరకు రెక్కలొచ్చిన రోజులవి. నరుకుడు చివరికొచ్చింది. ఒక ఉదయం మామ ముఖం కడుక్కుని టీ అడగబోయాడు. నోట్లోంచి వచ్చింది మాట కాదు. మూతి ఒక పక్కకు జారింది, కుడి చెయ్యీ కాలూ బరువెక్కాయి. తోట ఆసుపత్రిలో పదిహేను రోజులు పడుకోబెట్టారు. కాలు తిరిగొచ్చింది, చెయ్యి కూడా నెమ్మదిగా తిరిగొచ్చింది. మాట మాత్రం సగం దారిలో చతికిలబడింది. నాలుక నీళ్లలో నానిన తోలు ముక్కలా మందంగా కదిలేది. ఏం చెప్పినా అంచులన్నీ కరిగిపోయి, మధ్యలో మెత్తటి ముద్ద ఒకటి మన చెవికి చేరేది.

అప్పుడు ఊరంతా ఒక కొత్త మర్యాద నేర్చుకుంది. మామ ఏమన్నా సరే, "అవునవును గురువా" అని తలూపడం. నేనూ ఊపాను, దాచుకోవడమెందుకు. మా మద్దెల మేళగాడు అందరికన్నా ఎక్కువ ఊపేవాడు. ఆయన గురించి రెండు మాటలు చెప్పాలి. మద్దెల బాగా వాయించేవాడు, మీసం ఇంకా బాగా పెంచేవాడు. ఆ మీసం కొసలకు రెండు లాంతర్లు తగిలించుకుని చీకట్లో నడిచిపోవచ్చు. ఒకనాడు మామ ఆయన వాకిటి ముందు నిలబడి, చెయ్యి చాపి, ఏదో చెప్పాడు. మేళగాడు చేతులు జోడించి, "రాముడి దయ, గురువా" అన్నాడు. మామ మళ్లీ చెప్పాడు. "అంతా ఆయన సూసుకుంటాడు." మూడోసారి మామ అరిచినంత పని చేశాడు. మేళగాడు కళ్లనీళ్లు పెట్టుకుని కాళ్లకు దండం పెట్టి లోపలికి పోయాడు. మామ చెప్పిందల్లా, "నీ ఆవు కట్టు తెంపుకుని నీ కాబేజీ మళ్లో పడింది" అని. సాయంత్రానికి ఆ ఆవు నాలుగువందల కాబేజీలు నమిలేసి, గుమ్మటంలా ఉబ్బి, మళ్లోనే పడుకుంది.

ఊరు రెండు వారాలు నవ్వుకుంది. మామ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. వాకిట్లో స్టూలు వేసుకుని, చేతిరాత భజన పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వాన చూస్తూ కూర్చునేవాడు. పుస్తకం తెరిచేవాడు కాదు.

శ్రీరామనవమి నెల రోజులుందనగా నన్ను పిలిపించాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏదో అన్నాడు. నా తల దానంతటదే ఊగింది. ఆయన నా గడ్డం పట్టుకుని ఆపేశాడు. రెండోసారి అన్నాడు, అర్థం కాలేదు. మూడోసారి నెమ్మదిగా, ఒక్కొక్క ముక్క కూడదీసుకుంటూ అన్నాడు.

"తలూపకు అల్లుడూ. నా గొంతు ఎంత మిగిలిందో కొలు."

"గొంతు కొలవడమేటి మావా?"

"కర్రట్టుకునొచ్చి కొలు. సాలకపోతే సెప్పీ. తాళాలు మద్దెలోడికి ఇచ్చీసి, ఆ రోజు ఇంట్లో కూకుంటాను."

"నా మాట నువ్వు నమ్ముతావా?"

"నీ నోరు నమ్మను," అన్నాడు. "నీ కర్ర నమ్ముతాను."

వంటింటి గుమ్మంలో నిలబడి అత్త ఇదంతా వింది. నన్ను పెరట్లోకి పిలిచి, చేతిలో ఉన్న చేట కింద పెట్టి, "బావూ, తాళాలు ఇచ్చీసినాక ఈ మనిసిలో ఇంకేటి మిగుల్తాది? ఇప్పుడే సగం రాయైపోనాడు," అంది. మా అత్త ఏడవదు. ఏడవాల్సి వస్తే బియ్యంలో రాళ్లు ఏరుతుంది. ఆ రోజు ఏరిన బియ్యాన్నే మళ్లీ మొదటినుంచి ఏరింది.

మరుసటి ఆదివారం పొద్దున్నే కొలత పెట్టాను. చెరుకు వరసల మధ్య బండిదారి ఉంది, దానికి ఈ చివర మామను స్టూలు మీద కూర్చోబెట్టాను. భజనవాళ్లు ఎనిమిదిమంది ఎదురుగా నిలబడ్డారు. మామ ఒక చరణం అందించాలి, వాళ్లు అందుకోవాలి. అందుకున్నాక నేను కర్ర వేసి ఒక గోలెట్ దూరం వెనక్కి జరపాలి. ఎవరికి వినబడకపోతే వాళ్లు చెయ్యెత్తాలి. ఎత్తిన చోట మేకు కొట్టి, అది మామ గొంతు అని లెక్క రాసుకోవాలి. ఇలాంటి కొలత ఈ దీవిలో ఎవరైనా పెట్టారేమో నాకు తెలియదు. నేను మాత్రం ఆ పొద్దు గవర్నరుకన్నా గొప్పవాణ్ణనుకున్నాను.

పది గోలెట్లు. అందరూ అందుకున్నారు. ఇరవై. అందుకున్నారు. మేళగాడు చెయ్యెత్తుదామా అని చూస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. తాళాలు తనకే వస్తాయని ఫీనిక్స్ పట్నం దాకా పోయి అంచు పంచె తెచ్చుకున్నాడు పాపం. కాని చరణం చెవిన పడగానే ఆయన నోరు ఆగేది కాదు. నలభై అయ్యాయి, యాభై అయ్యాయి. అరవై గోలెట్ల దగ్గర దారి అయిపోయి చిన్న వాగు అడ్డొచ్చింది గాని లేకపోతే సముద్రం దాకా పోయేవాళ్లం. ఒక్కరు కూడా ఒక్క మాట తప్పలేదు.

నేను కర్ర గాల్లోకి ఎత్తి, "అరవై! మావ గొంతు చెక్కు చెదరలేదు!" అని అరిచాను. అందరూ వెనక్కి పరుగెత్తుకొచ్చి మామను ఎత్తుకున్నంత పని చేశారు. మా ఆవిడ గాతో పిమాన్ వేయించి తెచ్చింది, అదే, మా కారపు పప్పు వడలు. తలా డజను చొప్పున తిన్నాం.

అత్త ఒక్కతే తినలేదు. పళ్లెం కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది.

"ఏటి సాధించినారు మీరందరూ?"

"అరవై గోలెట్లు, అత్తా!"

"ఆ పాటలు మీకు పుట్టినకాణ్ణుంచి నోటికొచ్చు. ఆ స్టూలు మీద నా మేకను కూకోబెడితే, అది మే అన్నా మీరు రామా అనే అందుకుంటారు. ఇంట్లో ఆయన ఉప్పడిగితే నాకు నీళ్లని ఇనబడతంది. దానికేటి సెప్తావు బావూ? దానికెన్ని కర్రలు?"

ఎవరూ నమలడం లేదు. నాకు ఒక కొంటె ఆలోచన వచ్చింది. చెరుకులోకి దూరి, కనబడకుండా నిలబడి, మాటలు లేకుండా వరస మాత్రం "ఊఁ ఊఁ" అని మూలిగాను. ఎనిమిదిమందీ వడలు నోట్లో ఉంచుకునే చరణం పూర్తిగా, స్పష్టంగా అందుకున్నారు. మేళగాడు తొడ మీద దరువు కూడా వేశాడు. నేను బయటికొచ్చేసరికి అందరి ముఖాలూ ఉడికిన బీరకాయల్లా ఉన్నాయి. అరవై గోలెట్లూ నేను కొలిచింది వాళ్ల జ్ఞాపకాన్ని.

అప్పుడు విచిత్రంగా మామ నవ్వాడు. మూతి సగమే కదిలింది, కాని నవ్వు మొత్తం వచ్చింది. అత్తకేసి చూపుడువేలు ఆడించి ఏదో అన్నాడు. అత్త సిగ్గుపడి లోపలికి పోయింది. ఏమన్నాడో మాలో ఎవరికీ తెలియలేదు. ఈసారి ఎవరం తలూపలేదు గూడా.

తోట ఆసుపత్రిలో మందులిచ్చే డిస్పెన్సరు వారానికోసారి సైకిలు మీద వచ్చి మామను చూసి పోయేవాడు. కాత్ర్ బోర్న్ వైపు క్రియోల్ మనిషి, పల్చగా, గోలెట్ కర్రకు టోపీ పెట్టినట్టుండేవాడు. తెలుగు ఒక్క ముక్క రాదు, మేమంతా ఆయనతో దీవి భాష క్రియోల్‌లోనే మాట్లాడేవాళ్లం. జరిగిందంతా చెప్పాను. నవ్వి నవ్వి టోపీ తీసి మోకాలికి కొట్టుకున్నాడు. తర్వాత నిదానంగా చెప్పాడు.

"గొంతు ఎంత దూరం పోతుందన్నది ఒక సంగతి. మాట ఎంత తెలుస్తుందన్నది ఇంకో సంగతి. మీవాడికి మొదటిది బాగానే ఉంది. రెండోది తెలుసుకోవాలంటే వినేవాడికి ముందే తెలియని మాట చెప్పించాలి. కొరెక్?"

"కొరెక్," అన్నాను. సరేనని దానికర్థం. సరే అన్నాను గాని, ఇంత చిన్న సంగతి కర్ర మోసే నాకు తట్టనందుకు లోపల మండుతోంది.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "వినేవాళ్లు ఒక్కరైతే చాలదు. ముగ్గురైనా ఉండాలి."

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మామ ఇంటి వసారాలో దుప్పటి ఒకటి అడ్డంగా కట్టాం. దుప్పటికి అటు మామ, డిస్పెన్సరు. డిస్పెన్సరు ఒళ్లో బుట్ట, బుట్టలో పది వస్తువులు, ఏవేవో మాకు తెలియదు. ఆయన ఒక్కొక్కటి తీసి చూపిస్తే, అదేమిటో, దాంతో ఏం చేస్తారో మామ చెప్పాలి. ఇటు మేము ముగ్గురం, అత్త, మేళగాడు, నేను. ముగ్గురిలో చదువూ రాతా నాకొక్కడికే వచ్చు గనక పలక నా చేతిలో పెట్టారు. ముందు నాకు వినబడింది రాసుకోవాలి, తర్వాత వాళ్లిద్దరూ నా చెవిలో చెప్పింది పక్కన రాయాలి. రాసిందంతా తెలుగు అక్షరాల్లో. వాకిట్లో భజనవాళ్లు నిలబడ్డారు. వందమంది ఉంటారు.

మొదటి వస్తువు. దుప్పటి వెనక మామ గొంతు మెత్తగా దొర్లింది. నేను రాసుకున్నాను. మేళగాడు మీసం నా చెవిలో గుచ్చుతూ, "రాముడు అన్నాడు," అన్నాడు.

"బుట్టలో రాముడెందుకుంటాడయ్యా?"

"ఎక్కడైనా ఉంటాడు, కొలతల బావూ. రాయి."

రాశాను. అది కర్రపెండలం దుంప.

రెండోదానికి కూడా ఆయన రాముడన్నాడు. మూడోదానికి సీతమ్మ అన్నాడు, అది జనపనార గోతం. నాలుగోదానికి మామ నోరు తెరవకముందే, "ఎండు సేప!" అని గట్టిగా అరిచేశాడు. అది నిజంగానే ఎండుచేప. దుప్పటి దాటి వాసన మా అందరికీ వచ్చింది గాని, ఒప్పుకున్న పద్ధతి ప్రకారం ఆయనకు ఒకటి వేశాను.

అత్త పద్ధతి వేరు. కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి వినేది. అయిదో వస్తువుకు మామ కాస్త పెద్దగానే చెప్పాడు. అత్త నా చెవిలో గుసగుసలాడకుండా పైకే అనేసింది.

"సెరుకు కత్తి. పదును నేదంటన్నాడు. నానెక్కడో పారేసినానంటన్నాడు సూడు! ఏటయ్యా, కత్తి నాను పారేసినానా? నువ్వే కదా పొరుగోళ్లకిచ్చినావు?"

దుప్పటి వెనకనుంచి జవాబు వచ్చింది.

"ఇచ్చినావు. వాన రోజు. నాకు గుర్తుంది," అంది అత్త.

మళ్లీ జవాబు. అత్త మళ్లీ జవాబు. డిస్పెన్సరు దుప్పటి పైనుంచి తల పెట్టి, "ఇది పరీక్షా, కాపురమా?" అన్నాడు. వాకిట్లో వందమందీ పడీ పడీ నవ్వారు. కొట్లాట ఆగాక నాకు తట్టింది. కాబేజీల నాటినుంచి మామ ఒక పూటలో ఇన్ని మాటలు మాట్లాడగా ఎవరూ వినలేదు.

పదీ అయ్యాయి. దుప్పటి విప్పారు. డిస్పెన్సరు వస్తువుల్ని వరసగా నేల మీద పేర్చాడు. నేను రాసినవాటిని వాటితో సరిచూసి, కింద మొత్తాలు వేసి, పలక పట్టుకుని లేచి, గొంతు సవరించుకుని లెక్క చదివాను. మేళగాడికి ఒకటి. నాకు నాలుగు. అత్తకు తొమ్మిది.

"తొమ్మిదా!" అన్నారందరూ. అత్త చెంగుతో నోరు మూసుకుంది.

డిస్పెన్సరు తన నోటు పుస్తకం తీసి, పెన్సిలు నాలుకతో తడిపి, రాయకుండా ఆగిపోయాడు. "ఇప్పుడు నేనేం రాయను? మాట దెబ్బతిన్నది ఎంత అని పెద్ద డాక్టరు అడుగుతాడు. ఈ మీసాలాయన విన్నాడంటే చాలా ఎక్కువ. ఈ కొలతలాయన విన్నాడంటే మధ్యరకం. ఆవిడ విన్నదంటే చాలా తక్కువ. ఒక్కడికే మూడు జబ్బులని రాయమంటారా?" చివరికి మూడూ రాసి, మూడింటి పక్కనా ఎవరు విన్నారో రాసుకున్నాడు. పెద్ద డాక్టరు ఆ కాగితం చూసి ఏమన్నాడో నాకు తెలియదు.

మామ చెయ్యి చాపాడు. పలక ఇచ్చాను. ఒకసారి చూసి, భుజం మీది తువ్వాలు కొసతో తుడిచేసి, పక్కన పెట్టాడు. అప్పుడు భజనవాళ్లకేసి తిరిగి, మెల్లగా, ఒక్కొక్క ముక్కే పలికాడు. ఎవరికీ పూర్తిగా అందలేదు. అందరూ అత్తకేసి చూశారు.

అత్త తల దించుకునే చెప్పింది. "పాటలు తానే సెప్తాడంట. మొక్కులకాడికొచ్చేసరికి నన్ను పక్కన కూకోమంటన్నాడు. తాను అంటాడంట, నాను పైకి సెప్పాలంట."

మేళగాడు లేచాడు. "ఆడమనిసి గురువు పక్కన కూకోడమా? దీపం ఎదర? మా తాత కోరంగి రేవులో ఓడెక్కినకాణ్ణుంచి ఇలాటిది ఇన్నేదు!"

అత్త తల ఎత్తింది. "మీ తాత ఓడెక్కిన్నాడు నీ ఆవు కాబేజీలు కూడా తిన్నేదు. సరే గాని అన్నా, నీ మొక్కు నువ్వే సెప్పుకో. మద్దెల పక్కనెట్టి, దీపం కాడికెళ్లి, నీ నోటితోనే సెప్పుకో. ఏటి మొక్కుకున్నావో మాక్కూడా తెలుస్తాది."

ఆయన మొక్కు ఏమిటో అందరికీ తెలుసు. ఉబ్బిన ఆవు బతకాలని, బతికాక పెయ్యదూడ పుట్టాలని మొక్కుకున్నాడు. ఊరంతా ముసిముసిగా నవ్వింది. ఆయన మీసం దువ్వుకుని, "గురువు మాటే మాట. నా మొక్కు మటుకు తప్పు సెప్పకు అప్పా," అని కూర్చున్నాడు. కొత్త పంచె ఆ నవమికి కట్టుకునే వచ్చాడు, కూర్చున్నది మాత్రం మద్దెల ముందే.

నవమి సాయంత్రం దీపం వెలిగించాం. వాన ఆ పూట మాత్రం మర్యాదగా ఆగింది. మామ తాళాలు పట్టుకుని మొదటి చరణం ఎత్తాడు. పాటలో ఆయన మాట వింతగా తేటపడింది. మాట్లాడితే కరిగిపోయే ముక్కలు వరసలో పడితే ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. మూల నిలబడిన డిస్పెన్సరు కూడా అది గమనించి, "చూశావా?" అన్నట్టు నాకేసి కనుబొమలెగరేశాడు.

హారతికి ముందు మద్దెల ఆగింది. అత్త లేచి వచ్చి మామ పక్కన, ఒక జానెడు వెనగ్గా కూర్చుంది. మామ మొదటి ఇంటి మొక్కు పలికాడు. అత్త పైకి చెప్పింది, గొంతు దారంలా సన్నగా వణికింది. "పెద్దగా!" అన్నారెవరో చాపల మీదినుంచి. మూడో ఇంటికి దారం తాడైంది. ఏడో ఇంటికొచ్చేసరికి మామ నోరు తెరవకముందే అత్త చెప్పేసింది. మామ చటుక్కున ఆమె వైపు తిరిగి ఏదో అన్నాడు.

"సరేలే," అంది అత్త. "నువ్వు అన్నాకే సెప్తాను."

దీపం చుట్టూ నవ్వు తిరిగింది. అప్పుడు అసలు గుట్టు నాకు బోధపడింది. నవమికి ముందు బియ్యం, కొబ్బరికాయలు పట్టుకుని ఆడవాళ్లంతా మా అత్త వంటింటికే వస్తారు. ఎవరింటి మొక్కు ఏమిటో అక్కడే చెప్పి పోతారు. ఇరవై రెండిళ్ల మొక్కులు కాగితం లేకుండా చెప్తాడని ముప్ఫై ఏళ్లుగా మేం మెచ్చుకున్న మామకు, అవన్నీ ముందురోజు అప్పజెప్పింది ఈవిడే. ఆ మాట నేను పక్కవాడి చెవిలో ఊదితే వాడు, "మా ఇంట్లో అందరికీ తెలుసు. నీకు తెల్దా?" అన్నాడు.

పెయ్యదూడ మొక్కు చివరన వచ్చింది. మామ అన్నాడు, అత్త చెప్పింది, ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మేళగాడు సంతోషం పట్టలేక వేసిన దెబ్బకు మద్దెల మూత రెండుగా చీలింది.

ఆ తర్వాత మామ మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాడు, మొదలుపెట్టి ఆపలేదు. ఊరి మర్యాద కూడా మారింది. అర్థం కాకపోతే తలూపకుండా, "మరోపాలి సెప్పు గురువా," అనడం పిల్లలు కూడా నేర్చుకున్నారు. ఆయన మరోసారి చెప్పేవాడు. కొన్నిసార్లు అయిదుసార్లు. ఒక్కోసారి మనకు ముందే అర్థమైనా, ఆయనకు చెప్పాలని సరదాగా ఉన్నట్టు కనబడితే, ఇంకోసారి అడిగేవాళ్లం.

ఇక ఒప్పుకోలు. గార్డు జెండా ఊపిన సంగతి ఊళ్లో ఎవరో చెప్తే విన్నాను. నాలుగువందల కాబేజీలు నలభై. అరవై గోలెట్లు పదహారు, వాగు కూడా అక్కడే ఉంది. వాకిట్లో వందమంది కారు, మా ఆవిడ లెక్క సరిగ్గా సరిపోయింది, ఎనిమిదిమందే. మద్దెల మూత ఆ పాటికే చీలి ఉంది. ఇవన్నీ సాగదీసినవి.

కల్పించింది పలక మీది లెక్క. ఈ కాగితం మీద కాదు, ఆ మధ్యాహ్నం వసారాలో, అందరి ముందూ నిలబడి కల్పించాను. అత్తకు వచ్చినవి తొమ్మిది కావు, ఆరు. నాకు వచ్చినవి నాలుగు కావు, ఏడు. నాక్కూడా ఆశ్చర్యమే వేసింది. బహుశా ఇన్నేళ్లు సాయంత్రాలు ఆ స్టూలు పక్కన కూర్చుని ఒకరికొకరం కోతలు కోసుకున్నందువల్ల కాబోలు. ఉన్నదున్నట్టు చదివితే మామ పక్కన కూర్చుని ఆయన మాట పైకి చెప్పవలసినవాణ్ణి నేనేనని పలక చేతిలో ఉండగానే తోచింది. ఒక్క కొబ్బరికాయ మొక్కుకున్న ఇంటికి నా నోట వంద కాయలయ్యేవి. పెయ్యదూడ ఏనుగయ్యేది. అదొక కారణం. చేటలో బియ్యం రెండోసారి ఏరుతున్న చేతుల్ని నేను చూసి ఉన్నాను, అది ఇంకొకటి.

డిస్పెన్సరుకు తెలుగు రాదు, మిగతావాళ్లకు చదువు రాదు. మామకు మాత్రం రెండూ వచ్చు. ఆయనకు నేను అబద్ధం చెప్పలేదు, పలక మీద ఆరు, ఏడు అనే ఉంది. అది చదివాకే తువ్వాలుతో తుడిచాడు.

కొలతలవాణ్ణి గనక ఇది కూడా చెప్పుకోవాలి. నా ఏడులోంచి మూడు తీసి ఆమె ఆరులో కలిపాను, అంతే. మొత్తం పదమూడూ పదమూడే.